పళ్ళ డాక్టరుగారు గీసిన గడియార స్తంభం

ఆ ఆదివారం ఉదయం పళ్ళ డాక్టరుగారు పెట్టుకున్న పని చాలా చిన్నది. మడత కుర్చీ పట్టుకెళ్ళి, పాత పట్నం నడిబొడ్డున ఉన్న రాజుల కాలంనాటి గడియార స్తంభం బొమ్మ గీసి, భోజనం వేళకి ఇల్లు చేరడం. బొమ్మలు నేర్చుకోవడం మొదలుపెట్టి నెలైనా కాలేదు గానీ, పెన్సిలు చెవిమీద పెట్టుకోవడం మాత్రం ఆయనకి అప్పుడే బాగా వచ్చేసింది.

"రబ్బరు మర్చిపోయారు," అంది భార్య. ఆవిడ కుట్టుకొట్టు ఆ స్తంభం అడుగు గదిలోనే. సాయంత్రానికి నాటకంవాళ్ళ దుస్తులు ఇచ్చెయ్యాలి, అందుకని ఆదివారమైనా బయల్దేరింది.

"మా మాస్టారు రబ్బరు వాడొద్దన్నారు. ప్రతి గీతలోనూ మన మనసు కనిపించాలిట."

"మీ మనసు నాకు తెలుసు. రబ్బరు పట్టుకెళ్ళండి."

ఆయన పట్టుకెళ్ళలేదు. స్తంభానికి ఎదురుగా కూర్చుని, ముందు స్తంభం పక్కనే ఉన్న తన ఆసుపత్రిని బోర్డుతో సహా ప్రేమగా, నిటారుగా గీసుకున్నారు. తర్వాత అదే కాగితం మీద స్తంభం మొదలుపెట్టారు. అది పూర్తయ్యేసరికి, బస్సులో కునుకుతూ పక్కవాడి భుజం మీద వాలిన మనిషిలా కుడివైపు ఒరిగిపోయి ఉంది.

శిష్యుల బొమ్మలు చూడ్డానికి బొమ్మల మాస్టారు అటు వచ్చారు. "అబ్బ, ఎంత చలనం ఉందండీ ఇందులో," అని మెచ్చుకుని, దాన్ని అందరికీ కనబడేలా, బొమ్మల కోసం అక్కడ కట్టిన తాడుకి క్లిప్పు పెట్టి తగిలించారు. దారినపోయే ఒకావిడ ఆగింది.

"స్తంభం ఒరిగిందాండీ, డాక్టరుగారూ?"

నా చెయ్యే ఒరిగిందమ్మా అంటే అక్కడితో పోయేది. కానీ మాస్టారి మెప్పు ఇంకా చెవుల్లో తియ్యగా ఉంది. "నేను చూసింది చూసినట్టు గీశానమ్మా," అన్నారు డాక్టరుగారు గంభీరంగా.

"ఆయన చూపంటే మాటలా," అని ఆవిడ పక్కవాళ్ళకి చెప్పింది. "మా అమ్మాయి పన్ను వెంట్రుకవాసి పక్కకి జరిగిందని గుమ్మంలోంచే పట్టేశారు."

ఆ పట్నంలో సగంమంది పళ్ళు సరిచేసింది ఆయనే. ఇక అనుమానం ఎవరికుంటుంది? అందరూ తల వంచి బొమ్మని చూశారు. వంచిన తల వంచినట్టే ఉంచి స్తంభాన్ని చూశారు. ఒరిగే ఉంది. ఎవరో బొమ్మని ఫోటో తీసి పురపాలక ఇంజనీరుకి పంపారు. ఆయన తాళంతో, "ప్రమాదం" అన్న బోర్డుతో దిగాడు. కుట్టుకొట్లో ఉన్న మనిషిని బయటికి పిలిచి తాళం వేసేశాడు.

"ఎవరన్నారండీ ఒరిగిందని?" అంది డాక్టరుగారి భార్య, చేతిలో సగం కుట్టిన చొక్కాతో.

ఇంజనీరు బొమ్మ చూపించాడు. ఆవిడ బొమ్మనీ చూసింది, మొగుడినీ చూసింది. పెళ్ళైన నాటినుంచి ఆయన గోడకి తగిలించిన ప్రతి పటాన్నీ మళ్ళీ సరిచేసింది ఆవిడే.

"ఏవండీ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా? రాత్రికి నాటకం. బట్టలన్నీ లోపలున్నాయి. ఇవాళ మాట తప్పితే ఇంకెవరూ నా గుమ్మం తొక్కరు."

డాక్టరుగారు తన ఆసుపత్రి బోర్డు వంక చూశారు. చూపు వంకరని ఒప్పుకుంటే రేపు ఊరంతా అద్దంలో పళ్ళు చూసుకుంటుంది. కానీ ఎప్పుడూ కంటతడి పెట్టని మనిషి కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయనకి నిజంగానే సిగ్గేసింది.

"స్తంభం ఒరగలేదు," అన్నారు. "నాకు బొమ్మలు రావు."

ఇంజనీరు ముచ్చటపడ్డాడు. "గొప్పవాళ్ళు అలాగే అంటారండీ. కానీ ఒరిగిందని పైకి రాసి పంపేశాను. ఒరగలేదనడానికి ఆధారం కావాలి."

"తలెత్తి చూడండి, అదే ఆధారం."

"చూడ్డం నా పని కాదండీ. స్తంభం పురావస్తు శాఖవాళ్ళది. నాది కాగితం వరకే."

"అయితే ఇంకో బొమ్మ గీసిస్తాను."

చెమటలు కక్కుతూ గీశారు. ఈసారి స్తంభం ఎడమవైపు ఒరిగింది.

"ఊగుతోంది," అన్నారెవరో. జనం గభాలున వెనక్కి జరిగారు.

ఇంజనీరుకీ భోజనం వేళ దాటిపోతోంది. ఆయన మొదటి బొమ్మనే చేతిలోకి తీసుకుని, కాగితాన్ని కొంచెం పక్కకి తిప్పాడు. స్తంభం నిటారుగా నిలబడింది. "ఇదిగో ఆధారం," అని ఫోటో తీసుకుని తాళం తీసేశాడు. ఆవిడ ఒక్క ఉదుటున లోపలికి వెళ్ళిపోయింది.

డాక్టరుగారు ఊపిరి పీల్చుకుని కుర్చీ మడిచారు. ఇంజనీరు మాత్రం ఆ బొమ్మ వంకే చూస్తున్నాడు.

"ఇంకా ఏమిటండీ?"

"స్తంభం బాగానే ఉంది. ఒరిగింది మీ ఆసుపత్రి."

తాళం, బోర్డు పక్కనున్న ఆసుపత్రికి మారాయి. తనకి బొమ్మలు రావని డాక్టరుగారు మళ్ళీ మొదలుపెట్టారు గానీ, ఆ మాట నమ్మే ఒకే ఒక్క మనిషి అప్పటికే తలుపేసుకుని మిషను తొక్కుకుంటోంది.