నీలం జట్టు అల్లుడు

కళాశాలలో నాటకాలు బోధించే మాస్టారు ఆ శనివారం ఉదయం చేసిన ఉపన్యాసం చరిత్రాత్మకమైనదని మనవి. విన్నవారు ముప్ఫై నలుగురు. మేలుకుని విన్నవారు పదకొండుమంది.

"పాత నాటకంలో రెండు కుటుంబాలు తరతరాలుగా కత్తులు దూసుకుంటాయి. ఎందుకయ్యా అంటే ఎవరికీ తెలీదు. నేటి ఆటల అభిమానులూ అంతే! ఒకడిది ఎర్రచొక్కా, ఒకడిది నీలంచొక్కా. చొక్కా విప్పితే ఇద్దరూ ఒకటే!" అని ఆయన బల్ల గుద్దారు. ఆ చప్పుడుకి మిగతా ఇరవై ముగ్గురూ లేచి చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం, మేలుకుని విన్న పదకొండుమందిలో ఒకతె అయిన ఆయన కూతురు తను పెళ్లాడదలచిన కుర్రాణ్ణి ఇంటికి తీసుకొచ్చింది. పళ్ల డాక్టరు. వినయసంపన్నుడు. మాస్టారి కదిలే పన్ను కనిపెట్టి, "రేపోసారి రండి మావయ్యగారూ, చూస్తాను" అన్నాడు. ఆ పిలుపుకి మాస్టారు కరిగి నీరయ్యారు. సరిగ్గా అప్పుడే, సంబంధాలు తేల్చడంలో ఆరితేరిన మాస్టారి తల్లి అసలు ప్రశ్న అడిగింది.

"ఏ జట్టు, బాబూ?"

"నీలం జట్టండీ. మా నాన్న అభిమానసంఘం అధ్యక్షులు."

మాస్టారు చేతిలోని టీ కప్పు ఠక్కున కింద పెట్టేశారు. ఎర్ర జట్టు ఓడినప్పుడల్లా ఒక పూట భోజనం మానేసే నిష్ఠ ఆయనది. జట్టు ప్రతిభ వల్ల మనిషి బాగా చిక్కిపోయారు కూడా.

"కుదరదు" అన్నారు.

"అదేంటి నాన్నా! చొక్కా విప్పితే అందరూ ఒకటేనని పొద్దున మీరేగా చెప్పారు?"

"అది నాటకం తల్లీ. ఇది ఆట!"

అన్నాక ఆ మాట తనకే వినపడింది. గదిలోకి పోయి అద్దం ముందు నిలబడి, "ఇన్నేళ్లు చదివి ఏం నేర్చుకున్నావురా, మొద్దూ" అని తన్ను తాను శాయశక్తులా తిట్టుకున్నారు. అభిప్రాయం మాత్రం మార్చుకోలేదు.

కూతురు మాట్లాడటం మానేసింది. నాలుగో రోజు కుర్రాడి తండ్రే బయల్దేరి వచ్చారు. ఇద్దరూ ఎదురెదురుగా, ఉప్పూ నిప్పులా కూర్చున్నారు. మధ్యన రెండు కప్పుల టీ చల్లారింది.

"ఏమాటకామాటే చెప్పుకోవాలి" అన్నారు చివరికి అధ్యక్షులు. "మీవాళ్లు ఆ పసుపు జట్టంత నీచులు కారు."

"పసుపువాళ్లా! వాళ్లూ మనుషులేనా బావగారూ!" అని మాస్టారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నారు.

పాత నాటకంలో ఇలాంటి రాజీ కుదరాలంటే రెండు శవాలైనా లేవాలి. ఇక్కడ రెండు కప్పుల టీతో సరిపోయింది.

పెళ్లి వైభవంగా జరిగింది. ఎర్రవాళ్లూ నీలంవాళ్లూ కళ్లు చెమర్చేలా కౌగిలించుకున్నారు. మాస్టారి సొంత తమ్ముడు మాత్రం ఎక్కడా కనబడలేదు.

"పెళ్లికూతురి బాబాయి ఏడండీ? కబురు వెళ్లలేదా?" అని బంధువులు నిలదీశారు.

మాస్టారు తల దించుకున్నారు. "వాడు పసుపు."

"అయ్యో, ముందే చెప్పకూడదూ!" అని అందరూ జాలిగా ఆయన భుజం తట్టి, భోజనాలకు లేచారు.