పోయినా ఫర్వాలేని డబ్బు

పాలకొల్లులోకి కంప్యూటర్ షేర్లు కొత్తగా వచ్చిన రోజులవి. ఓ సోమవారం ఉదయం కాలేజీ గుమస్తా సత్యప్రసాద్ పెసరట్టు తింటూ, తనూ షేర్లలో దిగాలని నిశ్చయించుకున్నాడు. మేడ మీద గది కోసం దాచిన యాభై వేలు బ్యాగులో సర్దాడు. ఇంట్లో ఉన్న సొమ్మంతా అదే. షేర్ల ఆఫీసు అప్పాజీ ముందే హెచ్చరించాడు: "ఉన్నదాంట్లో పదో వంతుతోనే దిగాలండి. అదీ పోయినా ఫర్వాలేని డబ్బయితేనే."

పదో వంతంటే ఐదు వేలు. సత్యప్రసాద్‌కి నామోషీ అనిపించింది. అంతకంటే, ఉన్నదంతా పోయినా ఫర్వాలేని డబ్బుగా మార్చేయడమే తేలికని తోచింది.

"ఇదిగో దుర్గా, ఈ యాభై వేలూ పోయాయనే అనుకో."

"ఎందుకనుకోవాలండీ?"

"అది రూలు. గట్టిగా అనుకో."

మొగుడి మాట జవదాటని వెంకటదుర్గ గట్టిగానే అనుకుంది. అతను గుమ్మం దాటగానే గది గుర్తొచ్చి బావురుమంది. పక్కింటి రత్నమాణిక్యం పరుగెత్తుకొచ్చింది.

"షేర్లలో పోయాయా అమ్మా?"

"పోయాయనే అనుకుంటున్నానండీ," అంది దుర్గ నిజాయితీగా.

అప్పాజీ ఆఫీసులో కరెంటు లేక ఆ పూట షేర్లు కొనడం కుదరలేదు. డబ్బుతో సహా ఇంటికి తిరిగొచ్చిన సత్యప్రసాద్‌కి అరుగు నిండా పరామర్శకొచ్చిన జనం కనిపించారు. రత్నమాణిక్యం భర్త గంగరాజు కూడా అప్పాజీ పాఠం విన్నవాడే. "పదో వంతే పెడతారు కదండీ! యాభై వేలు పోయాయంటే ఐదు లక్షలున్నట్టే!" అని లెక్క తేల్చాడు. వీధి చివరికెళ్ళేసరికి ఆ ఐదు లక్షలే పోయిన సొమ్ము అయింది. ఉన్నది యాభై లక్షలని ఊరు తీర్మానించింది.

బ్యాగు విప్పి చూపిస్తే చాలు, గొడవ వదిలేది. కానీ ఏనాడూ పలకరించని గంగరాజు లేచి తన కుర్చీ ఇచ్చాడు. సత్యప్రసాద్ ఆ కుర్చీలో కూర్చున్నాడు.

"ఏదో, పోతుంటాయండీ," అన్నాడు దర్జాగా.

ఆ మాట వినగానే గుడి కమిటీ దిగింది. "యాభై లక్షల ఆసామీ అయిదొందలు రాస్తే బాగుంటుందాండీ?" అంటూ కల్యాణం నాటి అన్నదానమంతా అతని పేర రాసుకుని, అడ్వాన్సుగా ఇరవై వేలు పట్టుకెళ్ళింది. రొయ్యల చెరువుకి వైరస్ తగిలిందంటూ బావమరిది దొరబాబు భీమవరం నుంచి వచ్చాడు.

"షేర్లలో అయిదు లక్షలు పోగొట్టారు. సొంత బావమరిదికి ముప్పై వేలివ్వలేరా బావగారూ?"

సత్యప్రసాద్ దిక్కుతోచక భార్య వంక చూశాడు.

"ఎలాగూ పోయాయనుకున్నాం కదండీ, ఇచ్చెయ్యండి," అంది దుర్గ, కళ్ళు తుడుచుకుంటూ.

వారం తిరిగేసరికి మార్కెట్ కుప్పకూలింది. అప్పాజీ బజార్లో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అదృష్టవంతులండీ! ఆ రోజు కరెంటుంటే మీ డబ్బు సగం పోయుండేది!"

"సగమేనా?" అన్నాడు సత్యప్రసాద్ నీరసంగా.

షేర్లలో పెట్టకపోవడం వల్ల అంత నష్టపోయినవాడు పాలకొల్లు మొత్తానికి అతనొక్కడే.