తాడిగొందికి కుడి చెయ్యి

స్టాఫ్ నర్సు ఎలీసమ్మను ఆ సోమవారం అయిదు భాగాలుగా డిప్యుటేషన్ మీద వేశారు. కుడి చెయ్యి తాడిగొంది ఆరోగ్య కేంద్రానికి, ఎడమ చెయ్యీ నోరూ మెట్టపాలెం కేంద్రానికి, కళ్ళు మండల ఆఫీసులో ట్యాబుల్లోకి వివరాలు ఎక్కించే గదికి, చెవులు జిల్లా కేంద్రంలో కొత్తగా తెరిచిన ఫోను వైద్య సలహా విభాగానికి. కాళ్ళూ నడుమూ వగైరా మిగిలిన శరీరాన్ని ఇంటి దగ్గరే ఉండమన్నారు. ఎన్ని సూత్రాలు వేసి చూసినా ఆరోగ్య వ్యవస్థకు వాటి అవసరం ఉన్నట్టు తేలలేదు.

ఈ పని ఎవరో గిట్టనివాళ్ళు చేసింది కాదు. జిల్లా ప్రణాళికా అధికారి శేషఫణి మూడేళ్ళు కూర్చుని వేసిన లెక్క ఇది. జనానికి వయసు పైబడుతోంది, షుగరూ బీపీ ఇంటింటికీ వచ్చాయి, కాన్పులు పెద్దాసుపత్రులకు తరలిపోతున్నాయి, వైద్యం సగం ఫోనులోకి చేరింది. అలాంటప్పుడు కేంద్రానికి ఇద్దరు నర్సులని పాత పాటే పాడుతూ కూర్చుంటే ఎలా? తాడిగొందికి ఎంతమంది నర్సులు కావాలని లెక్కవేస్తే సున్నా పాయింటు మూడు ఎనిమిది అని వచ్చింది. ఇదివరకు ఇలాంటి అంకె వస్తే పైవాళ్ళు దాన్ని సవరించి సున్నా చేసేసేవారు. శేషఫణికి అది అన్యాయంగా తోచింది. ఆయన నిజంగా మంచివాడు. రావలసిన ఊరికి రావలసినంత నర్సు అందాలని పట్టుబట్టి ఫైలు నడిపించాడు.

ఉత్తర్వు ఇచ్చే ముందు ఆయనే స్వయంగా తాడిగొంది వచ్చాడు.

"సిస్టర్, మీలో ఏ భాగం ఎక్కువ పనిచేస్తుంది?" అని అడిగాడు. ఆయన కళ్ళలో కొత్త బొమ్మను విప్పి చూసేవాడి ఉత్సాహం కనిపించింది.

"ఏమోనండీ. ఎప్పుడూ విడదీసి చూసుకోలా" అంది ఎలీసమ్మ.

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఎక్కువ భాగం ఆమె తాడిగొందిలోనే చేసింది. డిప్యుటేషన్లు ఆమెకు కొత్తేమీ కాదు. జీతం ఒకచోటా పని ఇంకొకచోటా చేసిన రోజులున్నాయి. ముక్కలుగా వెళ్ళడం ఎలా ఉంటుందో చూద్దామని ఆమెకూ కొంచెం కుతూహలం పుట్టింది. కానీ ఒక్క సంగతి మనసులో పీకుతోంది.

"మా ఊళ్ళో నాగవేణని ఒక పిల్ల ఉందండీ. తొలికాన్పుకి టౌనుకి తీసకపోతుంటే ఆటోలోనే బిడ్డ పోయింది. ఇంక టౌనుకి పోనని మొండికేసింది. ఇప్పుడు నెలలు నిండాయి. నేనుంటానని మాటిచ్చా."

"ఉంటారు సిస్టర్. అందుకేగా కుడి చెయ్యి ఇక్కడికే వేశాను" అన్నాడు శేషఫణి. ఆ మాటలో కల్లాకపటం లేదు.

జిల్లా ఆఫీసులో విడదీసేటప్పుడు నొప్పి పుట్టలేదు. ప్రొఫార్మాలో నొప్పికి గడి లేదు. బుధవారం టీకాల బండి ఎలాగూ ఊళ్ళు తిరుగుతుంది కాబట్టి చేతుల్ని టీకాల డబ్బాల్లో, చుట్టూ ఐసు ప్యాకులు పెట్టి పంపించారు. కుడి చెయ్యి తాడిగొందిలో డబ్బాలోంచి దిగి, కాసేపు ఎండలో వెచ్చబడి, జాయినింగ్ రిపోర్టు మీద చక్కగా సంతకం పెట్టింది. మెట్టపాలెంలోనే చిక్కు వచ్చింది. ఎడమ చేతికి సంతకం రాదు. వేలిముద్ర వేయించుకున్న గుమాస్తా రూలు ప్రకారం రిజిస్టరులో 'నిరక్షరాస్యురాలు' అని రాశాడు. దాన్ని సరిచేయించాలంటే కుడి చేత్తో అర్జీ పెట్టుకోవాలి. కుడి చెయ్యేమో మెట్టపాలెం పరిధిలో లేదు.

వారం తిరిగేసరికి అందరూ అలవాటు పడ్డారు. తాడిగొందిలో కుడి చెయ్యి బల్ల అంచున కూర్చుని ఇంజెక్షన్లు ఇచ్చేది. కళ్ళు లేవని జనమే జబ్బ తెచ్చి సూది కింద పెట్టేవాళ్ళు. మెట్టపాలెంలో నోరు ఉప్పు తగ్గించమని చెప్పేది, ఎడమ చెయ్యి బీపీ పట్టీ బిగించేది. మండల ఆఫీసులో కళ్ళు రోజుకి మూడువందల నలభై పేర్లు చూసేవి, ఒక్క మనిషినీ చూసేవి కావు. ఏ ముక్క ఎక్కడున్నా జరిగే సంగతంతా ఎలీసమ్మకు తెలుస్తూనే ఉండేది. అలా తెలియవచ్చో లేదో సర్వీసు రూల్సులో లేదు కాబట్టి ఆమె ఎవరికీ చెప్పలేదు.

తర్వాతి గురువారం పొద్దున పదకొండు గంటలప్పుడు నాగవేణికి నొప్పులొచ్చాయి. తల్లి పిచ్చమ్మ మిరపచేలోంచి పరుగున వచ్చి కూతుర్ని కేంద్రానికి నడిపించుకొచ్చింది. డాక్టరు ఆ రోజు ఇంకో మూడు కేంద్రాల్లో ఉన్నాడు.

నాగవేణి గదంతా కలియజూసింది. "సిస్టరమ్మ ఏదీ?"

"అదిగో, చెయ్యుందిగా" అంది పిచ్చమ్మ.

కుడి చెయ్యి నాగవేణి పొట్ట మీద వాలి నిమిరింది. ఆ స్పర్శ పాతదే. పిల్ల కొంచెం కుదుటపడింది. పిచ్చమ్మ సలహా కేంద్రానికి ఫోను కలిపి కిటికీలో పెట్టింది. "మీ మాట వింటున్నాం" అని రికార్డు గొంతు పలికింది. నిజంగానే విన్నారు. అక్కడున్న పదకొండు జతల చెవుల్లో ఆ ఫోను ఎలీసమ్మ చెవులకే తగిలింది. వినడమే వాటి విధి. జవాబు చెప్పే విభాగం రెండో దశలో మంజూరవుతుంది.

నాగవేణి కేక చెవుల్లో పడగానే, మెట్టపాలెంలో ఉప్పు గురించి చెబుతున్న నోరు ఆగి, "ఊపిరి బిగబట్టి ముక్కు తల్లీ! ఇంకొంచెం!" అని అరిచింది. ఎదురుగా కూర్చున్న షుగరు పేషెంట్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిస్టరమ్మ ఊరికే చెప్పదని ఇద్దరు ముసలాళ్ళు ముక్కారు కూడా. పద్దెనిమిది మైళ్ళ అవతలున్న నాగవేణికి ఆ మాట వినబడలేదు.

"తల కనపడతా ఉంది సిస్టరమ్మా!" అంది పిచ్చమ్మ. కుడి చెయ్యి వేళ్ళతో తడిమింది. బిడ్డ మెడకు బొడ్డుతాడు చుట్టుకుని ఉంది. తాడు తప్పించేటప్పుడు తలను ఇంకో చెయ్యి పట్టుకోవాలి. ఆ ఇంకో చెయ్యి మెట్టపాలెంలో ఎవరిదో జబ్బకు కట్టిన పట్టీని వదిలేసి, గాలిలో ఒక తలను ఆనించుకున్నట్టు అరచెయ్యి చాచి ఉంది. ఎలీసమ్మకు ఇరవై ఆరేళ్ళలో ఎన్నడూ అంత భయం వేయలేదు.

కుడి చెయ్యి పిచ్చమ్మ ఎడమ మణికట్టు పట్టుకుని లాగింది. ముందు సబ్బు చూపించింది. పిచ్చమ్మ గబగబా కడుక్కుంటే చాలక మళ్ళీ సబ్బే చూపించింది. తర్వాత మిరపకాయలు కోసి కాయలు కాచిన ఆ అరచేతిని బిడ్డ తల కింద పెట్టి, తాడు మెల్లగా తప్పించింది. ఆడపిల్ల. నీలంగా ఉంది, ఏడవలేదు. పిచ్చమ్మ పట్టుకుంటే కుడి చెయ్యి వీపు రుద్దింది, అరికాళ్ళు తట్టింది, మళ్ళీ రుద్దింది. జిల్లా కేంద్రంలో చెవులు కాచుకుని ఉన్నాయి. అంతలో ఫోనులోంచి సన్నగా ఏడుపు వినబడింది. ఇంటి దగ్గర ఏ పనీ లేని కాళ్ళు లేచి, గుమ్మం దాకా నడిచి, తిరిగొచ్చి కూర్చున్నాయి.

మర్నాడే శేషఫణి వచ్చాడు. బిడ్డను చూసి మనసారా సంతోషించి, పిచ్చమ్మను కూర్చోబెట్టి అడిగాడు.

"తల పట్టుకున్నది మీరేనా అమ్మా?"

"నేనేనయ్యా."

"తల కనపడుతోందని చూసి చెప్పింది?"

"నేనే. ఇంకెవురుండారు?"

"మీరు లేకపోతే?"

"ఎవురోకరు ఉంటారుగా. ఆసుపత్రికి ఒంటరిగా ఎవురొస్తారయ్యా?"

శేషఫణి రాసుకుంటున్న కాగితం తిప్పి కొత్త గడులు గీశాడు. మూడేళ్ళ లెక్కలో ఇంత సిబ్బందిని తను ఎలా మర్చిపోయాడో ఆయనకు అర్థం కాలేదు.

నెల తిరక్కుండా సవరించిన ప్రణాళిక వచ్చింది. రోగి వెంట వచ్చే ప్రతి మనిషినీ చేతులు, కళ్ళు, చెవులుగా లెక్కలో చేర్చారు. పిచ్చమ్మ ఎడమ చేతికి సున్నా పాయింటు ఒకటి ఒకటి అని అంకె పడి, కేంద్రంలోనే డ్యూటీ వేశారు. చేలో పనికి ఒంటి చేత్తో వెళ్తోందేమని ఎవరైనా అడిగితే, "ఎప్పుడూ చేసే చాకిరీనేగా. ఇప్పుడు పేరెక్కింది, అంతే" అనేది.

తాడిగొందికి నర్సు నోరు ఒక్కటి చాలని తేలింది. కాన్పుకొచ్చిన ఆడవాళ్ళను సర్వే చేస్తే, తమకు ధైర్యమిచ్చింది సిస్టరమ్మ చెప్పే ఒక్క మాటేనని అందరూ చెప్పారు. కాబట్టి నోటిని మెట్టపాలెం నుంచి వెనక్కి తెచ్చారు. కుడి చేతికి సంతకం వచ్చు కనుక దాన్ని జిల్లా ఆఫీసుకు పిలిపించుకున్నారు. సిబ్బంది సరిపడా ఉన్నారన్న నెలవారీ నివేదికల మీద ఇప్పుడు అదే సంతకం చేస్తోంది.

మొన్న ఇంకొక పిల్ల నొప్పులతో వచ్చింది. వెంట తల్లి, అత్త, ఆడపడుచు, పక్కింటామె. నోరు గుమ్మం దగ్గరే, "భయపడమాక తల్లీ, నేనున్నాగా" అంది. అన్నాక ఆ మాట ఎంతవరకు నిజమో ఎలీసమ్మకు తేలలేదు. తేల్చుకోవడానికి వ్యవధీ లేదు.

"సరే సిస్టరమ్మా" అని నలుగురూ జాకెట్టు చేతులు పైకి మడుచుకుని, సబ్బు ఎక్కడుందో అడిగి, లోపలికి వెళ్ళారు.