మీ ప్రేమకు కృతజ్ఞతలు

ఇకమీదట తాను మనిషిని కాననీ, ఒక బ్రాండుననీ మంచినీళ్ళ శాఖ మంత్రిగారు నిండు సభలో ప్రకటించారు. సభంటే శాఖవారి మీటింగు హాలే. ముందు వరసలో విలేకరులు, వెనక వరసల్లో చప్పట్ల కోసం పై అంతస్తు నుంచి దింపిన గుమాస్తాలు. ఇంతకాలం ఆయన్ని మనిషే అనుకుంటున్న మేమంతా కాసేపు తెల్లబోయి, తేరుకుని, చప్పట్లు కొట్టాం. నేను ఆయన ఫొటోగ్రాఫర్ని కాబట్టి నాకు చేతులు ఖాళీ లేక, చప్పట్లని ఫొటో తీశాను.

"మనిషికి మతిమరుపుంటుంది, నిద్రుంటుంది. బ్రాండుకి ఫాలోయర్లుంటారు," అన్నారు మంత్రిగారు.

"బాగుంది సార్. ఎవరు రాసిచ్చారు?" అన్నాడు ఒక విలేకరి.

"టూలు," అన్నారు మంత్రిగారు వినయంగా.

టూలంటే గునపమో పారో కాదు. మంత్రిగారి బావమరిది కొనిపించిన సాఫ్ట్‌వేరు. మంత్రిగారి ఖాతాలు, శాఖ ఖాతాలు, మంత్రిగారి కుక్క ఖాతా అన్నీ ఒకే తెరమీద కనిపిస్తాయి. ఏ పోస్టు ఎప్పుడు వెళ్ళాలో ముందే షెడ్యూల్ చేసి పెట్టుకోవచ్చు. జనం ఏమన్నా రాస్తే జవాబు దానంతటదే వెళ్ళిపోతుంది. తెర పైభాగాన ఒక మీటరుంది. మంత్రిగారి గురించి జనం ఎంత మాట్లాడితే అది అంత పచ్చగా ఉంటుంది. మాట్లాడడం మానేస్తే ఎర్రబడుతుంది. పొగిడారా తిట్టారా అన్న తేడా దానికి లేదు. అంత నిష్పక్షపాతంగా ఉండే వస్తువుని నేను ఈ ఆఫీసులో అంతకుముందు చూడలేదు.

బావమరిది అక్కడితో ఆగలేదు. శాఖలో ఏ ఫైలైనా సరే ఇక టూల్లోనే పెట్టాలన్నాడు. పోస్టులూ ఫైళ్ళూ ఒకే క్యూలో వస్తాయి, మంత్రిగారు 'ఆమోదం' అన్న బటన్ నొక్కుతారు, అంతే. మంత్రిగారు పరమానందపడిపోయారు. ఇదివరకు సంతకం పెట్టాలంటే కనీసం ఎక్కడ పెట్టాలో చూడాల్సి వచ్చేది.

ఇక మా అక్క సంగతి. అక్కకి బట్టలుతికే లాండ్రీ ఉంది. రెండు వాషింగ్ మెషిన్లు, నాలుగు ఇస్త్రీ బల్లలు, నోరు ఒకటి. మంత్రిగారి తెల్లచొక్కాలు కూడా అక్కడికే వెళతాయి. ఆ వీధిలో నేల కింద పైపు పగిలి నెల దాటింది. కుళాయిలో గాలి తప్ప ఏమీ రావడం లేదు. దుప్పట్లు ఉతకడానికిచ్చే ఆసుపత్రివాళ్ళు నెలాఖరు దాకా చూసి వేరేచోటికి వెళ్ళిపోతామన్నారు. వాళ్ళు పోతే ఇక దించాల్సింది షట్టరే.

అక్క ఖాళీ డ్రమ్ము ఫొటో తీసి మంత్రిగారి ఖాతాకి పంపింది. కన్ను మూసి తెరిచేలోగా జవాబొచ్చింది. "మీ ప్రేమకు కృతజ్ఞతలు. మీలాంటివారే నా బలం."

"ప్రేమ కాదు, నీళ్ళు," అని రాసింది అక్క.

"మీ ప్రేమకు కృతజ్ఞతలు. మీలాంటివారే నా బలం."

అక్క నాకు ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడూ, మీ మంత్రికి చెవుడు వచ్చిందా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా పని."

"వినపడుతుందే అక్కా. వినపడకపోతే జవాబెలా ఇస్తారు?" అన్నాను. మా ఆఫీసు పరువు నాకు ముఖ్యం.

అక్క ఊరుకోలేదు. వీధి వీధంతా రాయడం మొదలుపెట్టింది. మీటరు పచ్చబడింది. మంత్రిగారు ఆ వీధిని 'అత్యంత అభిమానం గల వీధి'గా ప్రకటించి, ప్రశంసాపత్రం పట్టుకుని నా చేత ఫొటో తీయించుకున్నారు.

ఆ సమయానికి ఇంజనీరుగారు లోపలికొచ్చారు. నోట్లో నాలుక లేని మనిషి. "సార్, ఆ వీధి పైపు మార్చడం ఒక్కపూట పని. ఫైలు టూల్లో పెట్టాను. తమరు ఆమోదం నొక్కితే..."

"ఆగండాగండి," అన్నాడు బావమరిది. "బావగారూ, లెక్క చూడండి. పైపు బాగుచేస్తే మనకొచ్చేది ఒక్క పోస్టు. చేయకపోతే రోజూ పోస్టే."

మంత్రిగారు ఆలోచించారు. ఆయన ఆలోచించే ఫొటో నా దగ్గర లేదు కాబట్టి వెంటనే తీశాను. ఇంజనీరుగారి ఫైలుని బావమరిది క్యూలోంచి తీసి 'తర్వాత' అన్న అరలో పెట్టాడు.

ఇక్కడొక రహస్యం చెప్పాలి. బావమరిది అదే టూలుతో ప్రతిపక్ష నాయకుడి ఖాతాలు కూడా నడుపుతున్నాడు. ద్రోహమని ఎవరూ అనుకోకూడదు. గిన్నె కడిగే చేత్తోనే పళ్ళెం కూడా కడుగుతాం కదా అని నాకు విడమరిచి చెప్పాడు. అయితే ఒకరోజు ప్రతిపక్ష నాయకుడి పోస్టు పెడుతూ, 'ఈ ఖాతాకి' అన్నచోట టిక్కు పెట్టబోయి 'అన్ని ఖాతాలకూ' అన్నచోట పెట్టాడు. పొద్దున కాఫీ తాగే వేళకి మంత్రిగారి సొంత ఖాతాలో, ఆయన నవ్వుతున్న ఫొటో పక్కన ఈ ముక్కలున్నాయి.

"నెల దాటినా ఆ వీధికి నీళ్ళు లేవు. మంచినీళ్ళ మంత్రి సిగ్గుపడాలి. తక్షణం రాజీనామా చేయాలి."

కుక్క కూడా అదే కోరింది.

నేను వెళ్ళేసరికి మంత్రిగారి ముఖం పాలిపోయి ఉంది. "ఎవర్రా ఇది రాసింది?"

"మీరే బావగారూ," అన్నాడు బావమరిది, మీటరు వైపు చూస్తూ.

మీటరు అంత పచ్చగా ఎప్పుడూ లేదు. నిజం చెప్పిన మొనగాడన్నారు జనం. తనను తాను కూడా వదలని ధీరుడన్నారు. మంత్రిగారు ఒక్కొక్కటే చదువుకున్నారు. చదివే కొద్దీ ముఖం తేరుకుంది.

"బాగానే రాశాను," అన్నారు చివరికి. "ఇంతకీ రాజీనామా చేస్తాడంటావా?"

"చేస్తే పోరాటం అయిపోతుంది బావగారూ. చేయకుండా చూసుకోవాలి."

"వాణ్ణి నేను వదలను," అన్నారు మంత్రిగారు.

అటుపైన ఆయన పోరాటం చూడాలి. పొద్దున ఒక డిమాండు, మధ్యాహ్నం ఒక హెచ్చరిక, సాయంత్రం ఒక కన్నీటి వీడియో. పాపం ప్రతిపక్ష నాయకుడికి తిట్టడానికి ఏమీ మిగల్లేదు. మంత్రిని మెచ్చుకునేవాళ్ళు మార్కెట్లో ఎవరూ లేరు, ఆ చోటు ఖాళీగా ఉందని బావమరిది ఆయనకి సలహా ఇచ్చాడు. పాపం ఆయన మంత్రిగారి సేవల్ని పొగుడుతూ కూర్చున్నాడు.

చివరికి మంత్రిగారు తన ఆఫీసు ముందు తానే టెంటు వేయించి ధర్నాకి కూర్చున్నారు. వినతిపత్రం తీసుకోవాల్సింది మంత్రి కాబట్టి, టెంటులోంచి లేచి లోపలికెళ్ళి కుర్చీలో కూర్చునేవారు. ఇవ్వాల్సింది ఉద్యమకారుడు కాబట్టి మళ్ళీ బయటికొచ్చేవారు. నేను అటూ ఇటూ పరుగెత్తలేక చచ్చాను. రెండు ఫొటోలూ పక్కపక్కన అతికితే మాత్రం దండం పెట్టాలనిపించింది.

ఇంజనీరుగారు టెంటు దగ్గరికి వంగి వంగి వచ్చారు. "సార్, ఆ ఆమోదం..."

"ఇప్పుడు నొక్కితే ప్రభుత్వానికి లొంగిపోయానంటారయ్యా," అన్నారు మంత్రిగారు.

అప్పుడే మా అక్క వచ్చింది. చంకలో మూట. విప్పి మంత్రిగారి ముందు పెట్టింది. నెలనాటి మాసిన చొక్కాలు.

"ఉతకడానికి నీళ్ళు లేవండి, తీసేసుకోండి. ఇంతకీ తమరు ఇటు కూర్చున్నట్టా, అటు కూర్చున్నట్టా?"

"ఎటు కూర్చున్నా నీ పక్షమేనమ్మా."

"మరి ఆ పైపుకి ఒప్పుకోవాల్సింది ఎవరు?"

"నేనూ అదే అడుగుతున్నాను," అన్నారు మంత్రిగారు బాధగా. ఆ బాధ నిజమైనదే. దగ్గరగా ఉన్నాను, నాకు తెలుసు.

అక్క నావైపు చూసింది. "అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అని ఇన్నాళ్ళూ వినడమే. ఇవాళ కళ్ళారా చూశాను," అని వెళ్ళిపోయింది. మంత్రిగారు మూటలోంచి బాగా మాసిన చొక్కా ఒకటి ఏరి తొడుక్కున్నారు. దానికి మీటరు ఇంకాస్త పచ్చబడింది.

ఆ సాయంత్రం కారులో ఇంటికి వెళుతూ ఆయన క్యూ ముందేసుకున్నారు. ధర్నా ఫొటోలు వందకి పైనే ఉన్నాయి. ఆమోదం, ఆమోదం, ఆమోదం. బొటనవేలు ఆడుతూనే ఉంది, కళ్ళు మూతలు పడుతున్నాయి. ఆ ఫొటోల మధ్య ఇంజనీరుగారు తన ఫైలుని మళ్ళీ పెట్టారని ఆయనకి తెలియదు. నాకూ తెలియదు. తెలిసింది మర్నాడు, అక్క ఫోన్ చేసినప్పుడు.

"ఒరే, వచ్చాయిరా నీళ్ళు." రాత్రికి రాత్రే పైపు మార్చేశారట. ఫోన్‌లోంచి కుళాయి చప్పుడు వినిపించింది. నాకు కళ్ళు చెమర్చాయి, ఎందుకు దాచాలి. దుప్పట్లు తెమ్మని ఆసుపత్రికి కబురు పెట్టిందట. వీధిలో డ్రమ్ములు, బకెట్లు, గిన్నెలు, ఆఖరికి చెంబులు కూడా నింపేసుకున్నారట.

ఆఫీసుకి వెళ్ళేసరికి మాత్రం చావు కళ వచ్చేసింది. మీటరు ఎర్రగా ఉంది. వీధిలో ఒక్కడంటే ఒక్కడు మంత్రిగారికి ఏమీ రాయడం లేదు. అందరూ నీళ్ళు పట్టుకుంటున్నారు.

"నన్ను మరిచిపోయారు," అన్నారు మంత్రిగారు. తిండి ముట్టలేదు. "ఏంచేశానని నాకీ శిక్ష?"

"నీళ్ళిచ్చారు బావగారూ," అన్నాడు బావమరిది. ఆయన్ని ఓదార్చి, తెర దగ్గర కూర్చుని మర్నాటికి ఒక పోస్టు షెడ్యూల్ చేశాడు. తర్వాత ఇంజనీరుగారిని పిలిచి చెవిలో ఏదో చెప్పాడు.

మర్నాడు నన్ను కెమెరాతో అక్క వీధికి రమ్మన్నారు. మంత్రిగారు అప్పటికే వచ్చి ఉన్నారు, మాసిన చొక్కాలో. పోస్టు కూడా అప్పటికే వెళ్ళిపోయింది. "ఆ వీధికి మళ్ళీ నీళ్ళు ఆగిపోయాయి. నా గుండె ఆగినంత పనైంది. ఈ మంత్రిని దించేదాకా నిద్రపోను." వీధి చివర గుంటలో ఇంజనీరుగారు వాల్వు తిప్పుతున్నారు. తుప్పు పట్టిందేమో తిరగడం లేదు. అందువల్ల పోస్టు ముందెళ్ళిపోయి నీళ్ళు ఆగడం వెనకబడింది. అక్క లాండ్రీలో మెషిన్లు రెండూ తిరుగుతున్నాయి, బయట కుళాయి పోస్తోంది.

ఫొటోకి ఖాళీ బకెట్ కావాలి. వీధంతా వెతికాం. ప్రతి ఇంట్లోనూ అన్నీ నిండుగానే ఉన్నాయి. మంత్రిగారు అక్క దగ్గరికెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"అమ్మా, ఆ బకెట్ కాస్త ఖాళీ చేసి ఇస్తావా?"

"ఎందుకండీ?"

"మీ నీళ్ళ కోసం పోరాడాలి."

అక్క ఆయన్ని చూసింది. గుంటలో ఉన్న ఇంజనీరుగారిని చూసింది. నన్ను చూసింది. బకెట్ రెండు చేతులా ఎత్తి మంత్రిగారి నెత్తిన మొత్తం ఖాళీ చేసింది.

పక్కింటివాళ్ళు అది వీడియో తీసి, అక్క పేరు జోడించి మంత్రిగారి ఖాతాకి పంపేశారు. బావమరిది ఫోన్‌లో మీటరు చూసుకుని తలూపాడు. అక్క జేబులో ఫోన్ మోగింది. "మీ ప్రేమకు కృతజ్ఞతలు. మీలాంటివారే నా బలం."

మంత్రిగారు ముఖం తుడుచుకుని, అక్క చేతిలోంచి ఖాళీ బకెట్ అందుకుని, దిగులుగా నా కెమెరా వైపు తిరిగారు. వెనక కుళాయి పోస్తూనే ఉంది. అది ఫ్రేములో పడకుండా నేను కాస్త పక్కకి జరిగాను. కాసేపటికి గుంటలో వాల్వు తిరిగింది, నాకు ఆ శ్రమ కూడా లేకపోయింది.