లోహిత్ సూదిపై ఏకగ్రీవ తీర్మానం

అనకాపల్లి దగ్గర చెరకు పండించే సత్తియ్యగారి మనవడు లోహిత్‌కి తొమ్మిది నెలలు నిండాయి. తట్టు రాకుండా వేసే టీకా వేయించాలా వద్దా అన్న విషయాన్ని కూలంకషంగా పరిశీలించడానికి ఇంటి పెద్దలు సమావేశమయ్యారు. కన్నతల్లి నూకరత్నాన్ని కూడా పిలిచారు, టీ పెట్టాలి కనక.

నూకరత్నానికి లోపల గుబులుగా ఉంది. పక్క వీధిలో ఇద్దరు పిల్లలకి తట్టు పోసి, ఒకడిని పెద్దాసుపత్రిలో చేర్చారు. ఆ మాట ఎత్తబోతే, అది అజెండాలో లేదన్నారు.

నక్కపల్లి నుంచి ఇంటి అల్లుడు నానాజీ ఫోన్‌లో ప్రసంగించాడు. ఆయనది వైద్యంలో అపార పాండిత్యం. వాట్సాప్‌లో వచ్చిన ప్రతి వీడియో చివరిదాకా చూస్తాడు. "సూదేత్తే జొరం వత్తాదని ఆ నర్సమ్మే సెప్తన్నాది కద మావా. తెలిసి తెలిసి జొరం తెచ్చుకుంటారేటి?" అన్నాడు. సభ తల ఊపింది.

అప్పుడు సత్తియ్యగారు అసలు చిక్కు బయటపెట్టారు. ఊళ్లో టీకాలు వేసేది బుధవారం. లోహిత్ పుట్టిందీ బుధవారమే. పుట్టినవారం నాడు గోళ్లే తియ్యరు, సూది పొడిపిస్తారా? ప్రభుత్వం వారం మార్చేదాకా ఆగాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. లోహిత్ తండ్రి దేముడు అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. ఐదు బుధవారాలు గడిచాయి. ప్రభుత్వం మాత్రం వారం మార్చలేదు.

ఆరో బుధవారం పొద్దున్నే మైకులో చాటింపు వినిపించింది. పశువులకి గాలికుంటు టీకా వేస్తున్నారట. సత్తియ్యగారు టీ సగంలో వదిలేసి లేచారు. దేముడు అప్పటికే గేదెని విప్పేశాడు.

"దానికి జొరం రాదేటి?" అంది నూకరత్నం.

"ఒక్క రోజు వత్తాది, పోతాది. పూటకి నాలుగు లీటర్లిచ్చే గేది. దాంతో ఆటలాడతామేటి?" అన్నాడు దేముడు, వెనక్కి తిరక్కుండానే.

నూకరత్నానికి ముందు ఏడుపొచ్చింది, తర్వాత కోపమొచ్చింది. పనికొచ్చింది కోపమే. పిల్లాణ్ణి చంకనేసుకుని, గేదె వెళ్లిన దారి కాకుండా రెండో దారి పట్టింది.

మధ్యాహ్నానికి గేదే, లోహితూ ఇల్లు చేరారు. పిల్లాడి ఒళ్లు కాస్త వెచ్చబడేసరికి సత్తియ్యగారు విచారణ మొదలెట్టారు.

"ఎవుర్నడిగి ఏయించేవమ్మా?"

"గేదికి మీరెవుర్నడిగేరో, నానూ ఆళ్లనే అడిగేను మావయ్యా."

సభ దిక్కుతోచక నానాజీకి ఫోన్ చేసింది. ఇప్పుడు మాట్లాడ్డం కుదరదన్నాడు. నక్కపల్లిలో గేదెని పట్టుకుని వరసలో నిలబడ్డాడు.