కఫీలు గారి తొలిపాము

ఏ జాతి నాగరికతనైనా, అది తన మొదటి పెంపుడు పామును ఎంచుకునే తీరును బట్టి కొలవాలి. (నాగరికతలో ‘నాగ’ ఊరికే రాలేదు.)

సౌదీలోని హుఫూఫ్‌లో ఏసీల మరమ్మతు కంపెనీ యజమాని, అందులో పనిచేసే ఎల్లన్నకు కఫీలు (వీసా ఇచ్చి రప్పించుకున్న యజమాని) అయిన అబూ నాసర్ ఈ కొలతకు సిద్ధపడ్డాడు. పక్కింటాయన డేగను కొన్నందున ఈయనకు పాము అవసరమైంది. (డేగ పామును తింటుందన్న సంగతి కొత్తవారికి పాములు సూచించే ‘తొలిపాము’ యాప్ ఎక్కడా చెప్పలేదు.)

యాప్ నిబంధనల ప్రకారం కొత్తవారి పాము శాంతంగా ఉండాలి, తక్కువ తినాలి, ఇరుకు పెట్టెలో ఇమడాలి, యజమాని తెరిస్తే తప్ప బయటికి రాకూడదు. కోరలు ఉండరాదు, కోరికలు అసలే ఉండరాదు. ఇది వినగానే ఎల్లన్నకు జగిత్యాలలో తాను వీసా ఇంటర్వ్యూకు వెళ్లిన రోజు గుర్తొచ్చింది.

ఎల్లన్న కోరిక ఒక్కటే: చుట్టీ, అంటే ఊరికి పోయే సెలవు. ఊళ్లో కొత్తిల్లు లేచింది. గృహప్రవేశం విందుకు కోయాలని భార్య ముత్యవ్వ కొన్న యాట (మేక), ఆయన కోసం చూసి చూసి ఇంటిమనిషై కూర్చుంది.

“నువ్వొస్తవా, యాటకు పేరు వెట్టుమంటవా?” అని ఆమె ఫోన్లో నిలదీసింది.

చుట్టీ ఇవ్వాల్సిన అబూ నాసర్ ఒకే షరతు పెట్టాడు. దాన్ని అరబ్బీలోంచి తెలుగులోకి దించినవాడు ఆఫీసు గుమాస్తా, కడప అబ్దుల్ ఖాదర్.

“ఏమప్పా ఎల్లన్నా, ఇండియావోళ్లకు పాములు బాగా తెలుసునంట. మంచిదాన్ని చూపిస్తే చుట్టీ ఇస్తాడంట.”

“ఆ పేరెత్తకు ఖాదర్ భాయ్! మేం పురుగంటం. కనవడితే ఉరుకుడే.”

“ఆ మాట ఆయన ముందర అనొద్దు. చుట్టీ పోతాది.”

పాముల దుకాణంలో గాజుపెట్టెలు చూడగానే ఎల్లన్న గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. అలవాటు కొద్దీ చెప్పులు విడిచాడు. చేతులు జోడించి, కళ్లు మూసుకుని గొణిగాడు: “నాగన్నా, నీ జోలికి నేను రాను, నా జోలికి నువ్వు రాకు. ఇంటికి తోలిస్తే పంచమినాడు పుట్టల పాలు పోస్త.”

పెట్టెలోని కొండచిలువ (కొండకు పర్మిట్ రానందున చిలువ మాత్రమే వచ్చింది) తలెత్తి చూసింది. బహుశా ఏసీ ఎక్కువైంది.

“పాముతో మాట్లాడుతున్నాడు!” అని అబూ నాసర్ అరబ్బీలో కేక పెట్టాడు. పాము అక్కడికక్కడే ఎంపికైంది. ఎల్లన్న కూడా.

మర్నాడు యాప్‌లో ‘అనుభవజ్ఞుడైన సంరక్షకుడు’ అన్నచోట ఎల్లన్న పేరెక్కింది. పాము కొత్తచోటికి అలవాటు పడేదాకా సంరక్షకుడు దేశం దాటరాదు. (పాముకు వాతావరణం పడకపోతే మాత్రం అది చల్లటి అబహా కొండలకు విహారానికి వెళ్లవచ్చు.) దానికి చుట్ట కుదిరింది, ఈయనకు చుట్టీ కుదరలేదు.

“అలవాటు వడ్డదో లేదో ఎట్ల తెలుస్తది భాయ్?”

“పామే చెప్పాలంటప్పా. నీతోనే కదా అది మాట్లాడేది.”

ఎల్లన్న మొహం వెలిగిపోయింది. “అయితే చెప్పింది! మంచిగ అలవాటైంది, నువ్వు ఇంటికి పొమ్మన్నది!”

ఖాదర్ ఆ మాట అబూ నాసర్ చెవిన వేయడానికి లోపలికి వెళ్లి, కాసేపటికి తిరిగొచ్చాడు. “ఇంత బాగా పాము మాట తెలిసినోన్ని ఎట్ల వదులుకునేది, అంటాండాడప్పా.”

ఎల్లన్న ఇంటికి ఫోన్ చేసి ఉన్న మాట చెప్పాడు. ముత్యవ్వ ఏమాత్రం కోపగించుకోలేదు.

“యాటకు నీ పేరే వెట్టిన,” అంది. “గది పిలిస్తె వస్తది.”