రోడ్డుకు బదులు కారుకు పూత

రోడ్డుకు తారు పోయాలన్నది కాలం చెల్లిన ఆలోచన. ఎన్ని కిలోమీటర్లని పోస్తారు? ఎండకు కరుగుతుంది, వానకు లేచిపోతుంది. అదే కారును చూడండి. ఆ చివర నుంచి ఈ చివరకు నాలుగు మీటర్లు. రోడ్డుకు వేయాల్సిన పూతేదో దానికే వేసేస్తే పోలేదా? ఇంత చిన్న ఉపాయం ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు. కాంట్రాక్టర్ పుల్లారావుకు తట్టింది.

పుల్లారావు సామాన్యుడు కాడు. భద్రాచలం దారి నుంచి చీలి, అడవిలో మద్దిగుంపు దాకా వెళ్లే ఆరు కిలోమీటర్ల రోడ్డు ఆయన చేతి చలవే. మూడేళ్ల కిందట కంకర పరిపించాడు. తారు పోయబోతూ కాస్త ఆగాడు. కంకర సర్దుకోవాలి కదా! ఇప్పటికీ సర్దుకుంటూనే ఉంది. తొందరపెట్టడానికి అదేమన్నా ప్రెషర్ కుక్కరా?

అంతా సవ్యంగా నడుస్తుండగా ఆయన కొత్త కారు కొన్నాడు. కిటికీల చుట్టూ క్రోమ్ అంచులు, తలుపుల కింద మొహం చూసుకోదగ్గంత నున్నటి నల్ల పట్టీలు. ఆ కారు మొదటిసారి మద్దిగుంపు రోడ్డెక్కిన రోజు, రెండో కిలోమీటరు దాటుతుండగా 'టిక్'మంది. దిగి చూస్తే నల్ల పట్టీ మీద ఆవగింజంత తెల్ల మచ్చ.

ఆ మచ్చను తేలిగ్గా తీసుకోకండి. మనిషి మనసు చిత్రమైనది. అదే రోడ్డు మీద మూడేళ్లుగా ఊళ్లో వాళ్లు పడుతున్న పాట్లు పుల్లారావుకు రేడియోలో దూరదేశపు వార్తల్లా వినిపించేవి. ఈ మచ్చ మాత్రం తన ఒంటి మీద లేచిన కురుపులా సలిపింది. పైగా ఆ రాయి ఎవరిది? తాను క్రషర్ నుంచి ఎంచి తెప్పించి, దగ్గరుండి పరిపించినది. పరాయి రాయి కొట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

ఆ తర్వాత ప్రతి 'టిక్'కూ ఎవరో వెనక నుంచి పేరు పెట్టి పిలిచినట్టు ఉలిక్కిపడేవాడు. పాటల సౌండు పెంచాడు. పాటకూ పాటకూ మధ్య ఉండే ఆ కాస్త ఖాళీలో కూడా వినిపించేది. ఆపి, దిగి, నాలుగు వైపులా చూస్తే కంకర తప్ప ఎవరూ ఉండరు.

ఇలాంటి స్థితిలో మీరూ నేనూ అయితే ఏం చేస్తాం? తెలివి తక్కువగా తారు గురించి ఆలోచిస్తాం. పుల్లారావు కొత్తగూడెం వెళ్లి మతీన్ దుకాణం ముందు కారు ఆపాడు.

మతీన్ కార్లకు రాయి తగిలినా మచ్చ పడనివ్వని, కంటికి కనిపించని ఫిల్మ్ అంటిస్తాడు. పాత మచ్చలు పాలిష్‌తో పోగొట్టి, సబ్బునీళ్లు చల్లి, ఫిల్మ్ పరిచి, రబ్బరు పట్టీతో లోపలి నీటినంతా బయటికి తోసి, వేడిగాలితో అంచులు మడుస్తాడు. పిల్లకు తలంటినంత శ్రద్ధ. మన పాలనలో పారదర్శకత లేదని అలిగే మేధావులు ఒక్కసారి అక్కడికి వెళ్లాలి. రోల్స్ కొద్దీ ఉంది!

రాళ్లు ఎక్కువగా ఏ రోడ్డు మీద తగులుతున్నాయని మతీన్ అడిగాడు. మద్దిగుంపు పేరు వినగానే నవ్వాడు.

"గా రోడ్డా సార్? ఎవరేసిన్రో గానీ సల్లగుండాలె. ఆయన పుణ్యమాని నా దుకాణం నడుస్తుంది."

పుల్లారావుకు లోపల ఎక్కడో తృప్తి కలిగింది. తాను రోడ్డు మాత్రమే వేశాననుకున్నాడు. ఉపాధి కూడా కల్పించానని ఆ రోజే తెలిసింది.

ఫిల్మ్ వేశాక రాళ్లు తగలడం మానలేదు. 'టిక్' కాస్తా 'తప్' అయింది, అంతే. కానీ దిగి చూస్తే మచ్చ లేదు. మచ్చ లేని దెబ్బను మనసు దెబ్బగా గుర్తించదు. వారం తిరిగేసరికి పుల్లారావుకు ఆ చప్పుడు కూడా వినిపించడం మానేసింది. ఏ మందు ఇస్తుందండీ ఇంత ప్రశాంతత?

అప్పుడే ఇన్‌స్పెక్షన్ వచ్చింది.

మన దగ్గర ఒక చక్కని ఆనవాయితీ ఉంది. రోడ్డు చూడవచ్చిన ఇంజినీరు, ఆ రోడ్డు వేసిన కాంట్రాక్టర్ కారులోనే వస్తాడు. ఇది ఎక్కడా రాసిన నియమం కాదు, మర్యాద. ఆయన 'పని పూర్తయింది' అని రాస్తే ఇక తారు మాట ఎత్తే పని లేదు. 'కాలేదు' అని రాస్తే పుల్లారావు వానల్లోపు తారు పోయాలి.

ఆ ఒక్క మాట కోసమే మద్దిగుంపులో జంపక్క పొద్దుటి నుంచి కాచుకుని ఉంది. ఆమె కోడలికి ఏడో నెల. మట్టిరోడ్డుగా ఉన్నప్పుడు ఊళ్లోకి వచ్చిన భీమ్లా ఆటో, కంకర పడ్డాక ముందు అద్దం పగలగొట్టుకుని మెయిన్ రోడ్డు దగ్గరే ఆగిపోయింది. కోడలు ప్రతి పరీక్షకూ దవాఖానాకు నడిచే వెళుతోంది. నొప్పులు వచ్చేది వానల్లో. అప్పుడు నడవడం కుదరదు కదా.

ఇంజినీరు కారు దిగగానే జంపక్క ఇదంతా చెప్పింది. రాళ్లు ఎట్లా ఎగురుతాయో చేతులతో చూపించింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. అయితే శాస్త్రం చదివిన మనిషి. మాటలు సాక్ష్యం కావు. రాళ్లు ఎగిరేదే నిజమైతే, ఇప్పుడే ఆరు కిలోమీటర్లు వచ్చిన ఈ కారు మీద దెబ్బలు కనబడాలి కదా అన్నాడు. వంగి, తలుపు కింది నల్ల పట్టీ మీద వేలితో రాసుకుంటూ వెళ్లాడు.

ఒకచోట వేలు ఆగింది. అక్కడ ఫిల్మ్ అంచు వెంట్రుకంత లేచి ఉంది. ఇంజినీరు తలెత్తి పుల్లారావును చూశాడు. పుల్లారావు చెట్ల కొమ్మల్లో ఏదో పిట్టను వెతుకుతున్నాడు. రెండు క్షణాల తర్వాత వేలు ముందుకు కదిలింది.

'రాళ్లు ఎగరడం లేదు. రోడ్డు సంతృప్తికరం. పని పూర్తయింది.'

సంతకం పెట్టి, పెన్ను జేబులో పెట్టుకుంటూ ఇంజినీరు గొంతు తగ్గించాడు.

"ఎవరి దగ్గర వేయించారండీ? నా బండికి కూడా వేయిద్దాం. మా ఇంటి ముందు రోడ్డూ ఇలాంటిదే."

జంపక్క దగ్గరికొచ్చి సారు ఏం రాశారని అడిగింది. పుల్లారావు చదివి వినిపించాడు. ఆమె కోప్పడలేదు.

"మంచిగనే రాసిన్రు సారూ. గా కాయితం నాకెందుకు, నేను సదువుకున్నదాన్నా? పోంగ సెంటర్ల ఆటో భీమ్లా ఉంటడు. ఆయనకు సదివి ఇనిపియ్యున్రి. రోడ్డు మంచిగైందంట, జంపక్క కోడలి కోసం బుధవారం రమ్మందని చెప్పున్రి."

మెయిన్ రోడ్డు సెంటర్లో భీమ్లా ఆటోలో కూర్చుని ఉన్నాడు. పుల్లారావు ఎందుకో కారు ఆపాడు. అద్దం దించాడు. కాగితం ఒళ్లోనే ఉంది. జిల్లాలో ఏ ఆఫీసులోనైనా ధైర్యంగా చూపించగల కాగితం.

"ఏంది సారూ?" అంటూ భీమ్లా దగ్గరికొచ్చాడు.

పుల్లారావు అతని మొహం చూసి కాగితం మడిచాడు. ఇక్కడ టీ ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. భీమ్లా ఆశ్చర్యంగా, కారుకు ఎదురుగానే ఉన్న టీ కొట్టు చూపించాడు.

బుధవారం జంపక్క కోడలు దవాఖానాకు నడిచే వెళ్లింది. ఆమె గురించి మీరేమీ దిగులు పెట్టుకోకండి. అది సంతకం పడిన మంచి రోడ్డు. కాళ్లకు రాళ్లు గుచ్చుకునే అవకాశమే లేదు.